డెస్క్‌టాప్ ఐకాన్ నొక్కితే సర్వర్ తెరుచుకోవాలంటే: ఐకాన్‌లో ఏం రాయాలి, ఏం రాయకూడదు

మీ ప్రశ్నను ముందు కుదించి రాస్తాను, తర్వాత చదివేవాళ్లకి కూడా తెలియాలి కదా. మీరు తిరుపతిలో ఉంటూ చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూసుకుంటున్నారు. కాటా లెక్కలు ముంబైలో అద్దెకు తీసుకున్న క్లౌడ్ సర్వర్‌లోకి వెళ్తాయి. ఫ్యాక్టరీలో ఇంకో లినక్స్ మెషీన్ ఉంది. రోజూ టెర్మినల్ తెరిచి పొడుగాటి కమాండ్ కొట్టలేక డెస్క్‌టాప్ మీద ఐకాన్ పెట్టుకున్నారు. ఆఫీసు విండోస్‌లో దాన్ని నొక్కితే నల్ల విండో ఇలా మెరిసి అలా మాయమవుతోంది. ఇంట్లో ఉబుంటులో చేత్తో కొడితే పనిచేసే ‘మామిడి’ అనే అలియాస్ (పొడుగాటి కమాండ్‌కి పెట్టుకున్న పొట్టి పేరు), ఐకాన్‌లో రాస్తే పనిచేయడం లేదు. ఎవరో చెప్పారని పాస్‌వర్డ్‌ను బ్యాచ్ ఫైల్‌లో, అంటే నొక్కితే కమాండ్లు నడిపే ఫైల్‌లో, పెట్టేశారు. ఇంట్లో తమ్ముడి మ్యాక్ ఒకటుంది. పైగా సీజన్‌లో రాత్రి డ్యూటీలో కాటా దగ్గర కూర్చునే అబ్బాయి ఒక్క క్లిక్‌తో లెక్క చూసుకోవాలి.

అన్నిటికంటే ముందు ఆ బ్యాచ్ ఫైల్ తీసేయండి. తీసేస్తే సరిపోదు, సర్వర్‌లో పాస్‌వర్డ్ కూడా మార్చండి. మీ ఆఫీసులో అందరూ ఒకే విండోస్ లాగిన్ వాడుతున్నామని మీరే రాశారు. అంటే ఆ ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి ఎడిట్ నొక్కిన ప్రతివాడికీ మీ సర్వర్ తాళం చేతికిచ్చినట్టే. ఇదే పని లినక్స్‌లో చేసినా ముప్పే. కమాండ్ లైన్‌లో రాసిన పాస్‌వర్డ్, నడుస్తున్న ప్రోగ్రాముల జాబితాలో ఆ మెషీన్‌లోని మిగతా యూజర్లకి మామూలుగా కనిపించేస్తుంది.

ఇంకో మాట. కమాండ్లన్నీ ఇక్కడ చదివి వినిపిస్తున్నట్టు తెలుగులో రాస్తున్నాను. కీబోర్డు మీద ఇంగ్లిషులోనే, పెద్దక్షరమని చెప్పినచోట తప్ప చిన్న అక్షరాల్లో కొట్టండి. ‘మామిడి’ అనే పేరు కూడా ఇంగ్లిషు అక్షరాల్లోనే.

ఇక అసలు విషయం. మీ తిప్పలన్నిటికీ మూలం ఒకటే: సర్వర్ వివరాలన్నీ ఐకాన్‌లో కుక్కాలని చూస్తున్నారు. చిరునామా, యూజర్ పేరు, పోర్ట్ (సర్వర్‌లో మనం తట్టాల్సిన తలుపు నంబరు), పాస్‌వర్డ్‌కి బదులు పనిచేసే కీ ఫైల్ ఎక్కడుందో, అన్నీ. విండోస్‌లో ఒకలా, ఉబుంటులో ఒకలా, మ్యాక్‌లో మరోలా. రేపు సర్వర్ చిరునామా మారితే మూడు చోట్లా, మూడు రకాలుగా మార్చాలి. ఐకాన్‌కి ఒక్క పేరు తప్ప ఇంకేమీ తెలియకూడదు. మిగతాదంతా ఎస్ఎస్‌హెచ్, అంటే దూరపు మెషీన్‌లోకి భద్రంగా తీసుకెళ్లే ప్రోగ్రాం, తన కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైల్‌లోంచి చదువుకోవాలి. ఆ ఫైల్ మూడు సిస్టమ్‌లలోనూ ఒకే రకం. మీ హోమ్ ఫోల్డర్‌లో ‘డాట్ ఎస్ఎస్‌హెచ్’ అనే ఫోల్డర్, దాంట్లో ‘కాన్ఫిగ్’ అనే ఫైల్. లేకపోతే మీరే సృష్టించండి. అందులో ఇలా రాయండి:

హోస్ట్ మామిడి
    హోస్ట్‌నేమ్ 203.0.113.25
    యూజర్ కాటా
    పోర్ట్ 22
    సర్వర్‌అలైవ్‌ఇంటర్వల్ 60

ఆ చిరునామా ఉదాహరణల కోసమే పక్కన పెట్టిన నంబర్లలోది, మీది మీరు వేసుకోండి. సేవ్ చేశాక ఏ టెర్మినల్‌లోనైనా ‘ఎస్ఎస్‌హెచ్ మామిడి’ అని కొడితే చాలు. ఈ పేరు మీకు ఐకాన్ దగ్గరే కాదు, ఫైళ్లు పంపే ఎస్‌సీపీ, ఎస్‌ఎఫ్‌టీపీలకీ, గిట్‌కీ, వీఎస్ కోడ్‌కీ కూడా పనికొస్తుంది. అలియాస్‌తో అది కుదరదు. కాన్ఫిగ్ సరిగ్గా చదువుతోందా లేదా అని అనుమానం వస్తే, ఎస్ఎస్‌హెచ్ తర్వాత హైఫన్, పెద్ద జీ, ఆపైన మామిడి అని కొట్టండి. కనెక్ట్ కాకుండా, తనకు అర్థమైన సెట్టింగులన్నీ వరసగా చూపిస్తుంది. ఇరవై ఏళ్లుగా ఈ పని చేసేవాళ్లలో కూడా ఈ ఆప్షన్ తెలియనివాళ్లు చాలామంది ఉన్నారు.

విండోస్‌లో ఇక్కడే ఒక గొయ్యి ఉంది. నోట్‌ప్యాడ్‌లో రాసి కాన్ఫిగ్ అని సేవ్ చేస్తే, అది మీకు చెప్పకుండా చివర డాట్ టీఎక్స్‌టీ తగిలిస్తుంది. ఎక్స్‌ప్లోరర్ ఆ తోకను దాచేస్తుంది కాబట్టి కంటికి ‘కాన్ఫిగ్’ అనే కనిపిస్తుంది. ఎస్ఎస్‌హెచ్‌కి మాత్రం అలాంటి ఫైలే లేదు. సేవ్ చేసేటప్పుడు ‘ఆల్ ఫైల్స్’ ఎంచుకోండి, లేదా ఎక్స్‌ప్లోరర్ వ్యూ మెనూలో ఫైల్ ఎక్స్‌టెన్షన్లు కనిపించేలా పెట్టి తోక కత్తిరించండి. బాలాజీ కాలనీలో ఒక స్నేహితుడి ఆఫీసులో ఈ ఒక్క తోక కోసం రెండు టీలు అయ్యేదాకా వెతికాను. సిగ్గుగానే ఉంది చెప్పడానికి.

విండోస్ ఐకాన్ సంగతి. 2018 నుంచి విండోస్ 10లో ఎస్ఎస్‌హెచ్ క్లయింట్ దానితోపాటే వస్తోంది, పుట్టీ అనే విడి ఎస్ఎస్‌హెచ్ ప్రోగ్రాం తప్పనిసరి కాదు. మీ మెషీన్‌లో లేకపోతే సెట్టింగ్స్‌లో ‘ఆప్షనల్ ఫీచర్స్’ అని వెతికి ఓపెన్ ఎస్ఎస్‌హెచ్ క్లయింట్ చేర్చుకోండి. డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్, న్యూ, షార్ట్‌కట్. లొకేషన్ అడిగినచోట ‘ఎస్ఎస్‌హెచ్ మామిడి’ అని రాస్తే సరిపోతుంది. మరి విండో మాయమవడం ఎందుకు? ఎస్ఎస్‌హెచ్ ఏదో ఎర్రర్ ఇచ్చి ఆగిపోయింది, దానికోసం తెరిచిన విండోకి ఇక పని లేదు, మూసుకుంది. ఆ ఎర్రర్‌లోనే మీకు కావలసిన జవాబుంది, చదివే టైమే ఇవ్వలేదు. అందుకే మొదటి రోజుల్లో లొకేషన్‌లో ‘సీఎండీ, స్లాష్ కే, ఎస్ఎస్‌హెచ్ మామిడి’ అని రాయండి. స్లాష్ కే అంటే పని అయ్యాక కూడా విండో తెరిచే ఉంచమని. అదే స్లాష్ సీ రాస్తే మూసేస్తుంది. మీ బ్యాచ్ ఫైల్ ఫొటోలో ఉన్నది స్లాష్ సీయే.

అంతా కుదిరాక విండోస్ టెర్మినల్ యాప్‌లో ఒక ప్రొఫైల్ చేసుకోవడం నాకు ఎక్కువ ఇష్టం. సెట్టింగ్స్‌లో కొత్త ప్రొఫైల్ చేర్చి, పేరు మామిడి, కమాండ్ లైన్ దగ్గర ‘ఎస్ఎస్‌హెచ్ మామిడి’. ట్యాబ్ రంగు కూడా అక్కడే ఉంటుంది, దాని అవసరం తర్వాత చెప్తాను. డెస్క్‌టాప్ షార్ట్‌కట్‌లో ‘డబ్ల్యూటీ, హైఫన్ పీ, మామిడి’ అని రాస్తే నేరుగా ఆ ప్రొఫైల్ తెరుచుకుంటుంది. షార్ట్‌కట్ ప్రాపర్టీస్‌లో కంట్రోల్, ఆల్ట్, ఎం అని కీ కూడా కట్టుకోవచ్చు. నేనైతే మౌస్ జోలికి పోను.

పుట్టీ అలవాటైనవాళ్లు మానక్కర్లేదు. సెషన్ సేవ్ చేసుకుని, షార్ట్‌కట్‌లో పుట్టీ తర్వాత ‘హైఫన్ లోడ్’, సెషన్ పేరు ఇస్తే చాలు. కాకపోతే దాని పీపీకే కీ ఫైలు టెర్మినల్‌లోని ఓపెన్ ఎస్ఎస్‌హెచ్‌కి అర్థం కాదు. పుట్టీజెన్‌లో కన్వర్షన్స్ మెనూలోంచి ఓపెన్ ఎస్ఎస్‌హెచ్ రూపంలోకి ఎక్స్‌పోర్ట్ చేసుకోవాలి.

ఉబుంటులో మీ అలియాస్ ఎందుకు పలకలేదంటే, అది బాష్‌ఆర్‌సీ ఫైల్‌లో ఉంది. మీరు టెర్మినల్ తెరిచి కూర్చున్నప్పుడు నడిచే షెల్ (మీరు కొట్టే కమాండ్లను చదివి నడిపే ప్రోగ్రాం) మాత్రమే ఆ ఫైల్ చదువుకుని అలియాస్‌లు గుర్తు పెట్టుకుంటుంది. ఐకాన్ నొక్కినప్పుడు మధ్యలో ఆ షెల్ ఉండదు. డెస్క్‌టాప్ నేరుగా ‘మామిడి’ అనే ప్రోగ్రాం కోసం డిస్క్‌లో వెతుకుతుంది, అలాంటిది లేదు, అంతే. హోమ్ ఫోల్డర్ దారికి బదులు రాసే డాలర్ హోమ్ లాంటివి కూడా ఐకాన్ ఫైల్‌లో విచ్చుకోవు, కారణం ఇదే. చేత్తో కొడితే పనిచేసి ఐకాన్‌లో పనిచేయనిదేదైనా ఉంటే ముందు ఇక్కడే అనుమానించండి. కాన్ఫిగ్ ఫైల్‌లో పేరు పెట్టారు కాబట్టి ఆ అలియాస్ ఇక చెరిపేయండి.

ఐకాన్ కోసం హోమ్ ఫోల్డర్‌లో డాట్ లోకల్, షేర్, అప్లికేషన్స్ అనే ఫోల్డర్లలోకి వెళ్లి ‘మామిడి డాట్ డెస్క్‌టాప్’ అనే ఫైల్ రాయండి. మొదటి లైన్ చదరపు బ్రాకెట్లలో డెస్క్‌టాప్ ఎంట్రీ. తర్వాత వరసగా నాలుగు లైన్లు: టైప్ ఈక్వల్స్ అప్లికేషన్, నేమ్ ఈక్వల్స్ మామిడి, ఎగ్జెక్ ఈక్వల్స్ ఎస్ఎస్‌హెచ్ మామిడి, టెర్మినల్ ఈక్వల్స్ ట్రూ. ఈ ఫైల్లో పెద్ద, చిన్న అక్షరాల తేడా పట్టింపే. డెస్క్‌టాప్, ఎంట్రీ, టైప్, నేమ్, ఎగ్జెక్, టెర్మినల్, అప్లికేషన్ అనేవి పెద్దక్షరంతో మొదలవ్వాలి. ట్రూ చిన్నది. చివరి లైన్ మర్చిపోతే ఎస్ఎస్‌హెచ్ కనపడకుండా మొదలై, అడిగే చోటు లేక చచ్చిపోతుంది. ఇప్పుడు విండోస్ గుర్తున్న కీ నొక్కి మామిడి అని టైప్ చేస్తే ఐకాన్ వస్తుంది. డెస్క్‌టాప్ మీదకే కావాలంటే ఫైల్‌ను అక్కడికి కాపీ చేసి, రైట్ క్లిక్‌లో ‘అలవ్ లాంచింగ్’ నొక్కాలి. అది చేయకపోతే ఐకాన్ నొక్కినా ప్రోగ్రాం మొదలవదు.

తమ్ముడి మ్యాక్‌లో పని తేలిక. టెక్స్ట్‌ఎడిట్‌లో ఫార్మాట్ మెనూలోంచి ‘మేక్ ప్లెయిన్ టెక్స్ట్’ పెట్టి, ‘ఎస్ఎస్‌హెచ్ మామిడి’ అని ఒకే లైన్ రాసి ‘మామిడి డాట్ కమాండ్’ పేరుతో సేవ్ చేయండి. టెర్మినల్‌లో ఒక్కసారి ‘సీహెచ్‌మాడ్, యూ ప్లస్ ఎక్స్’, ఆపైన ఆ ఫైల్ పేరు కొట్టి దానికి నడిచే హక్కు ఇస్తే, ఆపైన డబుల్ క్లిక్ చేసినప్పుడల్లా టెర్మినల్ తెరుచుకుని కనెక్ట్ అవుతుంది.

ఇప్పుడు పాస్‌వర్డ్ లేకుండా లోపలికి వెళ్లడం. చిన్న చరిత్ర చెప్తాను, విసుగైతే దాటేయండి. ఒకప్పుడు దూరపు మెషీన్లలోకి టెల్‌నెట్‌తో వెళ్లేవాళ్లం, పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టు తీగల మీద పోయేది. 1995లో ఫిన్లాండ్‌లోని హెల్సింకి టెక్నాలజీ యూనివర్సిటీ నెట్‌వర్క్‌లో ఎవరో పొంచి ఉండి పాస్‌వర్డ్‌లు ఏరుకున్నారు. అక్కడి పరిశోధకుడు టాటు ఇలోనెన్ దానికి విరుగుడుగా ఎస్ఎస్‌హెచ్ రాశాడు. ఫైళ్లు పంపే ఎఫ్‌టీపీది పోర్ట్ 21, టెల్‌నెట్‌ది 23, రెంటికీ బదులుగా తనది రావాలనుకున్నాడు, మధ్యలో 22 ఖాళీగా ఉంటే అడిగి తీసుకున్నాడు. ఇప్పుడు మనం అన్నిచోట్లా వాడే ఓపెన్ ఎస్ఎస్‌హెచ్‌ను 1999లో ఓపెన్‌బీఎస్‌డీ వాళ్లు తెచ్చారు. అంటే పాస్‌వర్డ్ ఎవరి కంటా పడకూడదనే పుట్టిన వస్తువు ఇది. దాని పాస్‌వర్డ్‌నే మీరు డెస్క్‌టాప్ మీద ఆరేశారు.

పాస్‌వర్డ్‌కి బదులుగా కీ తయారు చేసుకోవడానికి టెర్మినల్‌లో ‘ఎస్ఎస్‌హెచ్ హైఫన్ కీజెన్’, తర్వాత ‘హైఫన్ టీ, ఈడీ25519’ అని కొట్టండి. ఎక్కడ పెట్టాలని అడిగితే ఎంటర్ నొక్కండి. పాస్‌ఫ్రేజ్ (ఆ కీకి వేసే తాళం) అడిగితే మాత్రం ఎంటర్ కొట్టి దాటకండి, ఒక మంచి వాక్యం ఇవ్వండి. రెండు ఫైళ్లు తయారవుతాయి. డాట్ పబ్ అని ఉన్నది పబ్లిక్ కీ, ఎవరికైనా ఇవ్వొచ్చు. రెండోది మీ మెషీన్ దాటకూడదు, వాట్సాప్‌లో అసలు పంపకూడదు. లినక్స్, మ్యాక్‌లలో ‘ఎస్ఎస్‌హెచ్ హైఫన్ కాపీ హైఫన్ ఐడీ మామిడి’ అంటే డాట్ పబ్ తనే సర్వర్‌లోకి వెళ్లి కూర్చుంటుంది. విండోస్‌లో ఆ కమాండ్ లేదు. డాట్ పబ్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిచి కాపీ చేసి, ఒక్కసారి పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్లి, అక్కడి డాట్ ఎస్ఎస్‌హెచ్ ఫోల్డర్‌లో ‘ఆథరైజ్డ్ అండర్‌స్కోర్ కీస్’ అనే ఫైల్ చివర అతికించండి. అది ఒకే లైన్‌గా ఉండాలి. మధ్యలో లైన్ విరిగితే సర్వర్ ఆ కీని పట్టించుకోదు, ఎందుకని మీకూ చెప్పదు. అక్కడ ఫోల్డర్‌కి 700, ఫైల్‌కి 600 పర్మిషన్లు ఉండాలి, అంటే యజమానికి తప్ప ఇంకెవరికీ హక్కు లేదని. వేరేవాళ్లు రాయగలిగేలా వదులుగా ఉంటే సర్వర్ ఆ ఫైల్‌నే నమ్మదు.

పాస్‌ఫ్రేజ్ ప్రతిసారీ కొట్టాలా అంటే అక్కర్లేదు. ఎస్ఎస్‌హెచ్ ఏజెంట్ అనేది దాన్ని గుర్తు పెట్టుకుంటుంది. ఉబుంటు డెస్క్‌టాప్‌లో అది తనంత తానే నడుస్తుంది. విండోస్‌లో సర్వీసెస్‌లోకి వెళ్లి ‘ఓపెన్ ఎస్ఎస్‌హెచ్ ఆథెంటికేషన్ ఏజెంట్’ను ఆటోమేటిక్ చేసి స్టార్ట్ చేయాలి, తర్వాత ‘ఎస్ఎస్‌హెచ్ హైఫన్ యాడ్’ ఒకసారి కొట్టాలి.

కాటా అబ్బాయి సంగతి వేరు, అతనికి మీ కీ ఇవ్వకండి. ఆ కంప్యూటర్‌లో వేరే కీ చేయండి. పబ్లిక్ కీని సర్వర్‌లో అతికించేటప్పుడు ఆ లైన్ మొదట్లో ‘కమాండ్ ఈక్వల్స్’ అని, కోట్స్‌లో లెక్క చూపించే ప్రోగ్రాం పూర్తి దారి, కామా, ‘రిస్ట్రిక్ట్’ అని రాసి, ఒక ఖాళీ వదిలి కీ పెట్టండి. ఇక ఆ కీతో ఎవరు వచ్చినా ఆ ఒక్క ప్రోగ్రామే నడుస్తుంది. వేరే కమాండ్ ఏది కొట్టినా కూడా అదే నడుస్తుంది. మీ ప్రోగ్రాం లారీ నంబరు అడిగి జవాబిచ్చే రకమైతే రిస్ట్రిక్ట్ పక్కన కామా పెట్టి ‘పీటీవై’ కూడా చేర్చండి, లేకపోతే స్క్రీన్ సరిగా నడవదు. ఈ ఒక్క కీకి పాస్‌ఫ్రేజ్ లేకపోయినా నేను ఒప్పుకుంటాను. పోతే పోయేది లెక్క చూడటమే, సర్వర్ కాదు. జూన్, జూలైలలో తోతాపురి లారీలు రోడ్డు మీదకి బారు తీరినప్పుడు, రాత్రి రెండింటికి ఆ అబ్బాయిని పాస్‌ఫ్రేజ్ గుర్తు చేసుకోమంటే మీకే ఫోన్ వస్తుంది.

ట్యాబ్ రంగు సంగతి తర్వాత చెప్తానన్నాను కదా. ఇలాంటి ఫ్యాక్టరీకే నేను చాలా ఏళ్లు పనిచేశాను. ఒక రాత్రి తిరుపతిలో ఇంట్లో రెండు నల్ల విండోలు తెరుచుకుని కూర్చున్నా. ఒకటి నా సొంత మెషీన్, ఇంకోటి ఫ్యాక్టరీ సర్వర్. పని అయిపోయింది, నిద్ర ముంచుకొస్తోంది, నా మెషీన్ ఆపేద్దామని ‘పవర్‌ఆఫ్’ కొట్టాను. నా ఫ్యాన్ శబ్దం ఆగలేదు. స్క్రీన్ మీద ‘కనెక్షన్ క్లోజ్డ్’ అని వచ్చింది. అప్పుడు కడుపులో ఒకటి తిరిగింది చూడండి, దాన్ని మాటల్లో చెప్పలేను. తిరుపతి నుంచి చిత్తూరు సుమారు 70 కిలోమీటర్లు. మెషీన్ ఆగిపోతే ఎస్ఎస్‌హెచ్ కాదు కదా, దేవుడు కూడా లోపలికి వెళ్లలేడు, బటన్ నొక్కాలి. వాచ్‌మన్‌కి ఫోన్ చేశాను. ఆయన టార్చ్ పట్టుకుని గదిలోకి వెళ్లి, ‘సార్, ఈడ మూడు పెట్టెలుండాయి, దేన్ని నొక్కమంటారు?’ అన్నాడు. ఒకటి సర్వర్, ఒకటి యూపీఎస్, ఇంకోటి కెమెరాల రికార్డర్. లైట్ వెలగనిది నొక్కమన్నాను. యూపీఎస్ ఆపకుండా పుణ్యం కట్టుకున్నాడు.

ఆ మర్నాటి నుంచి నిజమైన సర్వర్ల ట్యాబ్‌లన్నీ నాకు ఎరుపే. సర్వర్‌లో ప్రాంప్ట్ కూడా ఎర్ర అక్షరాల్లో పెట్టాను. మీ ఐకాన్ బొమ్మ కూడా మార్చండి, అన్నీ ఒకే నల్ల చతురస్రం అయితే ఏది దేనిదో వారం తర్వాత మీకే తెలియదు. పేర్లు కూడా చూసి పెట్టుకోండి. తిరుపతి ఆఫీసు మెషీన్‌కి నేను ‘చిత్తూరు-ఒకటి’ అని పేరు పెట్టాను, అప్పుడు తిరుపతి చిత్తూరు జిల్లాలోనే ఉండేది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి, మెషీన్ పేరు అలాగే ఉండిపోయింది, కొత్తగా చేరిన కుర్రాళ్లు ఇప్పటికీ తికమకపడుతున్నారు.

ఎర్రర్ల గురించి నాలుగు మాటలు. ‘కుడ్ నాట్ రిజాల్వ్ హోస్ట్‌నేమ్’ అంటే ఆ పేరు ఎస్ఎస్‌హెచ్‌కి తెలియలేదు. కాన్ఫిగ్ ఫైల్ చదవలేదన్నమాట, పైన చెప్పిన తోక చూడండి. ‘కనెక్షన్ టైమ్డ్ అవుట్’ అంటే అటునుంచి ఉలుకూ పలుకూ లేదు: చిరునామా తప్పు, లేదా క్లౌడ్ వాళ్ల ఫైర్‌వాల్‌లో 22 మూసి ఉంది. ‘కనెక్షన్ రిఫ్యూజ్డ్’ మామూలుగా దానికంటే మంచి కబురు, మెషీన్ దాకా వెళ్లారు, కానీ ఆ పోర్ట్‌లో ఎవరూ లేరు. ‘పర్మిషన్ డినైడ్’ అంటే అలిపిరి దాకా వెళ్లి తనిఖీ దగ్గర ఆగినట్టు: దారి సరైనదే, యూజర్ పేరో కీయో కుదరలేదు. మొదటిసారి వెళ్లినప్పుడు ఫింగర్‌ప్రింట్ చూపించి యెస్ అనమంటుంది, అది ఒక్కసారే. తర్వాత ఎప్పుడైనా ‘హోస్ట్ ఐడెంటిఫికేషన్ హ్యాజ్ చేంజ్డ్’ అని పెద్ద అక్షరాల్లో అరిస్తే కంగారుపడి, సర్వర్ గుర్తుగా మీ మెషీన్ దాచుకున్న పాత ఎంట్రీ చెరిపేయకండి. సర్వర్ మళ్లీ ఇన్‌స్టాల్ చేశారా, రౌటర్ మార్చాక ఆ చిరునామా వేరే మెషీన్‌కి పోయిందా కనుక్కోండి. కారణం దొరికాకే ‘ఎస్ఎస్‌హెచ్ హైఫన్ కీజెన్, హైఫన్ పెద్ద ఆర్’ తర్వాత, ఎర్రర్‌లో చూపించిన పేరో చిరునామానో ఇచ్చి చెరిపేయండి.

ఫ్యాక్టరీలోని మెషీన్‌కి ఇంటి నుంచి ఎందుకు వెళ్లలేకపోతున్నానని కూడా అడిగారు. అది ఐకాన్ తప్పు కాకపోవచ్చు. చాలా బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లలో వందల ఇళ్లకి కలిపి ఒకే పబ్లిక్ చిరునామా ఉంటుంది, బయటి నుంచి మీ రౌటర్ దాకా దారే ఉండదు. లోపలి నుంచి బయటికి మాత్రం ఉంటుంది. కాబట్టి ఫ్యాక్టరీ మెషీన్‌నే బయటికి రానివ్వండి. దానికీ ఒక కీ చేసి, పబ్లిక్ కీ మామిడిలో పెట్టి, దాని కాన్ఫిగ్‌లోనూ మామిడి పేరు రాయండి. తర్వాత అక్కడ ‘ఎస్ఎస్‌హెచ్, హైఫన్ పెద్ద ఎన్, హైఫన్ పెద్ద ఆర్, 2222:లోకల్‌హోస్ట్:22, మామిడి’ అని నడిపితే, క్లౌడ్ సర్వర్‌లోని 2222 తలుపు ఫ్యాక్టరీ మెషీన్‌లోకి తెరుచుకుంటుంది. కరెంటు పోయి వచ్చినా మళ్లీ తనే లేచేలా దాన్ని సిస్టమ్‌డీ (లినక్స్‌లో ప్రోగ్రాములను మొదలుపెట్టి చూసుకునేది) సర్వీసుగా పెట్టండి. అప్పుడు మీ కాన్ఫిగ్‌లో ఇంకో నాలుగైదు లైన్లు:

హోస్ట్ ఫ్యాక్టరీ
    హోస్ట్‌నేమ్ లోకల్‌హోస్ట్
    పోర్ట్ 2222
    యూజర్ కాటా
    ప్రాక్సీజంప్ మామిడి

‘ఎస్ఎస్‌హెచ్ ఫ్యాక్టరీ’ అంటే ముందు ముంబై వెళ్లి, అక్కడి నుంచి చిత్తూరు వస్తుంది. తిరుపతి నుంచి చిత్తూరుకి ముంబై మీదుగా వెళ్లడం నవ్వులాటగా ఉంటుంది కానీ నిక్షేపంలా పనిచేస్తుంది. ఐకాన్‌లో మాత్రం ఒక్క మాటే మారుతుంది.

కాసేపు వదిలేస్తే విండో బిగుసుకుపోతోందన్నారు కదా. మాట్లాడకుండా ఉన్న కనెక్షన్‌ను మధ్యలో రౌటర్లు మరిచిపోతాయి. కాన్ఫిగ్‌లో పెట్టిన ఆ 60 ఎందుకంటే, అటునుంచి ఏమీ రాక అరవై సెకన్లయితే ‘ఉన్నావా’ అని పలకరించడానికి. అయినా బిగుసుకుపోతే విండో మూసేయనక్కర్లేదు. ఎంటర్, టిల్డ, చుక్క, ఈ మూడూ వరసగా నొక్కితే కనెక్షన్ తెగి మీ ప్రాంప్ట్ మీకు వస్తుంది. టిల్డ అంటే కీబోర్డులో ఎస్కేప్ కింద ఉండే అల లాంటి గుర్తు.

కరెంటు పోతే మధ్యలో ఉన్న పని కూడా పోతుంది. దానికి సర్వర్‌లో టీమక్స్ వేసుకోండి, కనెక్షన్ తెగినా మీ పనిని సర్వర్‌లో నడుస్తూనే ఉంచే ప్రోగ్రాం అది. కాన్ఫిగ్‌లో ‘మామిడి-పని’ అని ఇంకో హోస్ట్ చేసి, మామిడి లైన్లే మళ్లీ రాసి, కింద ‘రిక్వెస్ట్‌టీటీవై యెస్’ అని ఒకటి, ‘రిమోట్‌కమాండ్ టీమక్స్ న్యూ, హైఫన్ పెద్ద ఏ, హైఫన్ ఎస్ పని’ అని ఒకటి చేర్చండి. ఐకాన్‌ని ఆ పేరుకి మార్చితే, ఎన్నిసార్లు తెగినా ఐకాన్ నొక్కగానే వదిలిన చోటే తెరుచుకుంటుంది. వేరే హోస్ట్ ఎందుకంటే, రిమోట్‌కమాండ్ ఉన్న పేరుతో పక్కన ఇంకో కమాండ్ ఇస్తే ఎస్ఎస్‌హెచ్ ఒప్పుకోదు, మీ బ్యాకప్ స్క్రిప్ట్ అక్కడే ఆగుతుంది.

ముందు విండోస్‌లో స్లాష్ కే పెట్టి చూడండి. ఇంకా కుదరకపోతే ‘ఎస్ఎస్‌హెచ్, హైఫన్ వీ, మామిడి’ కొట్టి వచ్చిన చివరి పదిహేను లైన్లు ఇక్కడ పెట్టండి. చిరునామా, యూజర్ పేరు చెరిపేసి పెట్టండి. మొన్న ఫొటోలో రెండూ కనిపిస్తున్నాయి, దాన్ని కూడా తీసేయండి.